పన్నెండేళ్ళ అక్కకీ ఆరేళ్ళ చెల్లికీ ఒకే చరిత్ర పాఠమా? క్రైస్తవ హోంస్కూల్ కరికులంలోని చిక్కుముళ్ళు

అమెరికాలో పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకోవడం కొత్త సంగతేమీ కాదు. 1993 నాటికే అది యాభై రాష్ట్రాల్లోనూ చట్టబద్ధం. కోవిడ్ రోజుల్లో మాత్రం ఒక్కసారిగా ఊపందుకుంది. బడి ఈడు పిల్లలున్న ఇళ్ళలో 2020 వసంతంలో 5.4 శాతం హోంస్కూలింగ్ చేస్తున్నట్టు సెన్సస్ బ్యూరో సర్వేలో తేలితే, అదే ఏడాది శరత్కాలానికి అది 11.1 శాతమైంది. తర్వాత చాలామంది పిల్లలు బడిబాట పట్టారు గానీ ఆసక్తి చల్లారలేదు. టెక్సస్‌లో 2025 మేలో గవర్నర్ సంతకం చేసిన చట్టం ప్రకారం, పథకానికి ఎంపికైన హోంస్కూల్ పిల్లలకు 2026-27 నుంచి ఏడాదికి 2,000 డాలర్ల దాకా సాయం అందే వీలుంది. దాంతో ఏ పుస్తకాలు కొనాలన్న ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు క్రైస్తవ కుటుంబాల్లోనూ ఈ ఆలోచన చేస్తున్నవాళ్ళున్నారు.

లెక్కలకీ ఇంగ్లిషుకీ పెద్ద టెన్షన్ లేదు. పిల్లవాడికి ఒక చిన్న పరీక్ష పెట్టి, ఎక్కడ ఆగిపోయాడో చూసి, అక్కడి నుంచి పుస్తకం తెప్పించుకుంటారు. చరిత్ర దగ్గరికి వచ్చేసరికే తల బొప్పి కడుతుంది. వేర్వేరు వయసుల పిల్లల్ని ఒకే పాఠానికి కూర్చోబెట్టొచ్చా అన్నది ఒక ప్రశ్న. పుస్తకం మీద ‘క్రైస్తవ’ అని ఉంటే లోపల ఏం మారుతుంది అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెంటికీ సంబంధం లేదు. కానీ అమ్మేవాళ్ళు రెంటినీ ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతారు కాబట్టి కొనేవాళ్ళ బుర్రలో రెండూ కలిసిపోతాయి. విడదీసి చూస్తే సగం గందరగోళం తీరుతుంది.

పెట్టె విప్పితే ఏముంటుంది

కరికులం అంటే ఒక్క పాఠ్యపుస్తకం కాదు. హోంస్కూల్ వాళ్ళ వాడుకలో అది ఒక సామగ్రి. అందులో మొదటిది ‘స్పైన్’. అంటే ఏడాది పొడుగునా వరసగా చదివే ప్రధాన పుస్తకం. దాని చుట్టూ కథల పుస్తకాలు, జీవిత చరిత్రలు, ఖాళీ మ్యాపులు, గోడకి అంటించే టైమ్‌లైన్, ఏ వారం ఏం చేయాలో చెప్పే టీచర్ గైడ్ ఉంటాయి. కొన్ని పెట్టెల్లో ఇవన్నీ వస్తాయి. కొన్నిటిలో గైడ్ మాత్రమే వస్తుంది, పుస్తకాలు లైబ్రరీ నుంచి తెచ్చుకోవాల్సిందే. ధరల్లో కనబడే పెద్ద తేడా చాలామటుకు ఇదే.

వీటిలో రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి బడి పద్ధతి. ఫ్లోరిడాలోని పెన్సకోలా నుంచి వచ్చే అబెకా, సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్ నుంచి వచ్చే బాబ్ జోన్స్ యూనివర్సిటీ ప్రెస్ ఈ తరహావి. రెండూ 1970ల్లో క్రైస్తవ ప్రైవేటు బడుల కోసం మొదలయ్యాయి. తరగతికో పుస్తకం, పాఠం చివర ప్రశ్నలు, వారానికో పరీక్ష. మన దగ్గర చదువుకున్న అమ్మానాన్నలకి ఇవి చూడగానే ఇంటికొచ్చినట్టు ఉంటుంది.

రెండోది కథ పద్ధతి. దీని వెనక ఇద్దరు ఆంగ్ల స్త్రీలు కనిపిస్తారు. షార్లట్ మేసన్ (1842–1923) ఇంగ్లండ్‌లోని ఆంబుల్‌సైడ్‌లో ఉపాధ్యాయినులకు శిక్షణ ఇచ్చేది. ఎండిపోయిన సారాంశాలు కాకుండా, విషయం మీద ప్రేమ ఉన్న ఒక మనిషి రాసిన పుస్తకాన్ని పిల్లలకి చదివి వినిపించాలని, విన్నదాన్ని పిల్లలు సొంత మాటల్లో తిరిగి చెప్పాలని ఆమె పట్టు. ఈ తిరిగి చెప్పడాన్నే ‘నరేషన్’ అంటారు. రచయిత్రి డొరొతీ సేయర్స్ 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగంలో చదువుకి మూడు మెట్లు చెప్పింది. చిన్నప్పుడు పోగుచేసుకోవడం, నడిమి వయసులో వాదించడం, పెద్దయ్యాక తన మాటగా చెప్పడం. అమెరికన్ హోంస్కూలర్లు ‘క్లాసికల్’ అని పిలుచుకునే ధోరణికి మూలం అదే. సోన్‌లైట్, టాపెస్ట్రీ ఆఫ్ గ్రేస్, మిస్టరీ ఆఫ్ హిస్టరీ, మై ఫాదర్స్ వరల్డ్ లాంటి క్రైస్తవ కరికులాలన్నీ ఈ రెండు ఊటల నుంచి తలా కొంత తోడుకున్నవే.

అందరినీ కలిపి కూర్చోబెట్టడం చరిత్రలోనే ఎందుకు కుదురుతుంది

కూడిక రాకుండా భాగహారం రాదు. మెట్లు దాటేయడం లెక్కల్లో కుదరదు. చరిత్ర అలా కాదు. అశోకుడి గురించి తెలుసుకోవాలంటే ముందు అమెరికా అంతర్యుద్ధం చదివి ఉండక్కర్లేదు. విషయం అందరికీ ఒకటే, లోతే వేరు. కథ కళ్ళకి కట్టేలా చదివితే ఆరేళ్ళ పిల్లా వింటుంది, పన్నెండేళ్ళ పిల్లా వింటుంది. విన్న తర్వాత చేసే పని మాత్రం వేరు.

బడి పద్ధతిని ఎంచుకున్న ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే మూడు చరిత్ర పుస్తకాలు, మూడు పాఠాలు, మూడు రకాల పరీక్ష పేపర్లు దిద్దడం. ఒకరు ప్రాచీన ఈజిప్టులో, ఒకరు టెక్సస్ చరిత్రలో, ఒకరు పౌరశాస్త్రంలో. అమ్మ ఒక్కతే. రెండేళ్ళలో విసిగి వదిలేసే ఇళ్ళలో చాలావాటి గొడవ ఇదే. అలాగని కలిపి చెప్పడమే మంచిదని తేల్చేయలేం. బడి పద్ధతిలో పదేళ్ళు దాటిన పిల్లలు తమంతట తాము చదువుకుని, ప్రశ్నలకి జవాబులు రాసి, పుస్తకం తెచ్చి చూపిస్తారు. కథ పద్ధతిలో పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చదవాలి. ఉద్యోగం చేస్తూ హోంస్కూల్ నడిపే ఇంటికి ఈ తేడా చిన్నది కాదు.

నాలుగేళ్ళ చక్రం: లెక్క వేసి చూస్తే

కలిపి చెప్పే కరికులాల్లో ఎక్కువగా కనిపించే అమరిక నాలుగేళ్ళ చక్రం. మొదటి ఏడు ప్రాచీన కాలం, రెండో ఏడు మధ్యయుగాలు, మూడో ఏడు సుమారు 1800 దాకా, నాలుగో ఏడు ఆధునిక కాలం. అది పూర్తయితే మళ్ళీ మొదటికి. మై ఫాదర్స్ వరల్డ్ దీనికే ముందొక ఏడాది దేశదేశాల భూగోళం చేర్చి ఐదేళ్ళ చక్రంగా నడుపుతుంది.

ఊహకి ఒక ఇల్లు తీసుకుందాం. 2026 ఆగస్టుకి పెద్దమ్మాయికి పన్నెండు, ఏడో తరగతి. నడిపివాడికి తొమ్మిది, నాలుగో తరగతి. చిన్నదానికి ఆరు, ఒకటో తరగతి. అందరూ ప్రాచీన కాలంతో మొదలుపెట్టారు. చిన్నదానికి లెక్క చక్కగా అతుకుతుంది: ఒకటి నుంచి నాలుగు దాకా ఒక చక్రం, ఐదు నుంచి ఎనిమిదికి రెండోది, తొమ్మిది నుంచి పన్నెండుకి మూడోది. నడిపివాడికి ఏడో తరగతిలో మొదటి చక్రం, పదకొండులో రెండోది ముగుస్తాయి. పెద్దమ్మాయికి ఒక్క చక్రమే దక్కుతుంది, అది కూడా పదో తరగతిలో అయిపోతుంది. మిగిలిన రెండేళ్ళు అమెరికా చరిత్ర, ప్రభుత్వం, ఆర్థికశాస్త్రం చదువుకుంటుంది. ఇంతవరకు బాగానే ఉంది.

ఆ ఇంట్లో మూడేళ్ళ పిల్లాడు ఇంకొకడున్నాడనుకోండి. వాడు ఒకటో తరగతికి వచ్చేది 2029లో. అప్పటికి ఇల్లంతా నాలుగో ఏడాదిలో ఉంటుంది. అంటే ఆరేళ్ళవాడికి చరిత్రతో తొలి పరిచయం రెండు ప్రపంచ యుద్ధాలు, యూదుల ఊచకోత, భారతదేశ విభజన. బానిస వ్యాపారం మూడో ఏడాదిలోనే వచ్చి పోయింది. చక్రం ఎవరికోసమూ ఆగదు.

దీనికి కుటుంబాలు పట్టే దారులు మూడు కనిపిస్తాయి. ఆ చిన్నవాడిని ఆ ఏడాది చక్రంలోకి లాగకుండా బైబిల్ కథలు, జీవిత చరిత్రలతో సరిపెట్టి, తర్వాతి ఏడు ప్రాచీన కాలంతో ఎక్కించుకోవడం అందులో అతి తేలికైనది. కొందరు పాఠం అందరికీ చదివి, కొన్ని పేజీలకి మాత్రం చిన్నవాడిని బొమ్మలు వేయడానికి పక్క గదిలోకి పంపుతారు. ఇంకొందరు పిల్లల్ని రెండు జట్లుగా చేసి రెండు చక్రాలు నడుపుతారు. ఇద్దరు పిల్లల మధ్య ఆరేడేళ్ళ తేడా ఉన్నప్పుడు ఈ చివరిదే ఎక్కువమందికి నప్పుతున్నట్టుంది.

కరికులాలు వయసు తేడాని పట్టుకునే తీరు కూడా ఒకటి కాదు. టాపెస్ట్రీ ఆఫ్ గ్రేస్ ప్రతి వారానికీ ఒకే అంశాన్ని నాలుగు స్థాయిల్లో ఇస్తుంది, ఒకటో తరగతి పిల్లకీ పన్నెండో తరగతి కుర్రాడికీ వేర్వేరు పుస్తకాలతో. ఇల్లంతా ఒకే శతాబ్దంలో ఉంటుంది గానీ గైడ్ తిరగేసేటప్పటికి అమ్మకి ఆదివారం సాయంత్రం గడిచిపోతుంది. సోన్‌లైట్ ఒక్కో స్థాయికి రెండుమూడేళ్ళ వయసు పరిధి పెడుతుంది, అందులో ఇమిడేవాళ్ళని కలుపుకోవచ్చు, ఇమడనివాళ్ళకి వేరే పెట్టె.

ఒకే వారం, ముగ్గురు పిల్లలు: మార్కో పోలో పాఠం

మాటల్లో చెబితే తేలికగానే ఉంటుంది, పనిలో ఎలా ఉంటుందో చూడాలి. మధ్యయుగాల ఏడాదిలో వెనిస్ యాత్రికుడు మార్కో పోలో దాదాపు ప్రతి కరికులంలోనూ వస్తాడు. క్రైస్తవ పుస్తకాలకి అతనిమీద అదనపు ఆసక్తి ఉంది. వంద మంది క్రైస్తవ పండితుల్ని పంపమని కుబ్లాయ్ ఖాన్ పోపుని అడిగాడని, ఇద్దరు సన్యాసులు మాత్రమే బయల్దేరి వాళ్ళూ దారిలోనే వెనక్కి తిరిగారని పోలో గ్రంథం చెబుతుంది. తెలుగు ఇంటికి ఇంకో కారణం ఉంది: ఆ గ్రంథంలో ముత్‌ఫిలి అనే రాజ్యం ఉంది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవు పేరే అదని చరిత్రకారుల గుర్తింపు. రాజ్యం కాకతీయులది.

ఆరేళ్ళ పిల్లకి కథ చాలు. మనుషులు దిగలేని పాముల లోయ, పైనుంచి విసిరిన మాంసం ముద్దలు, వాటికి అంటుకున్న వజ్రాలు, ఆ మాంసాన్ని ఎత్తుకుపోయే గద్దలు. విన్నాక తన మాటల్లో చెబుతుంది, ఒక బొమ్మ వేస్తుంది. అంతే పాఠం. (పాముల గురించి రెండు రోజులు అడుగుతూనే ఉంటుంది. అది వేరే సంగతి.)

తొమ్మిదేళ్ళవాడు ఖాళీ మ్యాపు మీద వెనిస్, ఖాన్‌బలిక్ (ఇప్పటి బీజింగ్), సుమత్రా, మోటుపల్లి గుర్తిస్తాడు. పోలో కుటుంబం చైనా వదిలింది 1292 ప్రాంతంలో, వెనిస్ చేరింది 1295లో. టైమ్‌లైన్ మీద ఆ ఏళ్ళ పక్కనే రుద్రమదేవిని అంటిస్తాడు. వెనిస్ నుంచి మోటుపల్లి ఎంత దూరమో దారం పెట్టి కొలుస్తాడు.

పన్నెండేళ్ళ అమ్మాయి చేతికి పోలో గ్రంథంలోని ఆ అధ్యాయమే, ఇంగ్లిషు అనువాదంలో, ఇవ్వొచ్చు. రెండు పేజీలు కూడా ఉండదు. అక్కడ ఒక రాణి ఉంది, భర్త చనిపోయాక నలభై ఏళ్ళుగా న్యాయంగా ఏలుతోందని రాసి ఉంటుంది. శాసనాలు ఇంకోలా చెబుతాయి. రుద్రమ గణపతిదేవుడి కూతురు, రాజ్యం ఆమెకి తండ్రి నుంచి వచ్చింది. పైగా చందుపట్ల శాసనాన్ని బట్టి ఆమె 1289లోనే మరణించింది, పోలో ఇటు వచ్చే నాటికే. మరి అతను చూసి రాశాడా, ఎవరో చెబితే రాశాడా? అదే రేవులో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. తుపానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని రాజు లాక్కోడని విదేశీ వర్తకులకి ఇచ్చిన మాట అది. పోలో రాత పక్కన దాన్ని పెట్టి, ఒక్కోదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు, ఎందుకు అని ఒక పేజీ రాయడం ఆమె పని.

పాఠం ఒకటే, చదివి వినిపించడం ఒక్కసారే, తర్వాతి పని మాత్రం మూడు రకాలు. కలిపి చెప్పడం అంటే ఇది. అందరికీ ఒకే వర్క్‌షీట్ ఇవ్వడం కాదు. ‘ఫ్యామిలీ స్టైల్’ అని అట్టమీద రాసుకున్న కరికులాల్లో కొన్నిటిలో పెద్ద పిల్లలకి అదనంగా దొరికేది పొడుగాటి ప్రశ్నల జాబితా మాత్రమే. లోతు పెరగదు, పని పెరుగుతుంది.

‘క్రైస్తవ’ అన్నది పుస్తకంలో ఎక్కడ ఉంటుంది

ఈ విశేషణం మూడు చోట్ల పనిచేస్తుంది. ఒకటి, ఏం చెప్పాలో ఎంచుకునే దగ్గర. రెండు, తేదీల దగ్గర. మూడు, ఎందుకు జరిగిందో చెప్పే దగ్గర. ఒక పుస్తకం మొదటి విషయంలో నిండా క్రైస్తవమై ఉండి, మూడో విషయంలో పబ్లిక్ స్కూలు పుస్తకంలాగే ఉండొచ్చు.

ఎంపిక సంగతి తేలికగానే కనబడుతుంది. లిండా హోబర్ రాసిన మిస్టరీ ఆఫ్ హిస్టరీ నాలుగు సంపుటాల్లో మొదటిది సృష్టితో మొదలై క్రీస్తు పునరుత్థానంతో ముగుస్తుంది. సూసన్ వైజ్ బవర్ రాసిన స్టోరీ ఆఫ్ ద వరల్డ్ మొదటి సంపుటం సంచార జాతులతో మొదలై చివరి రోమన్ చక్రవర్తితో ఆగుతుంది. రెండోదాంట్లోనూ అబ్రాహాము, యోసేపు, మోషే కథలున్నాయి, క్రైస్తవం పుట్టుక ఉంది. కానీ అది ఒక మతాన్ని నిజమని చెప్పే గొంతుతో రాసింది కాదు. అందుకే ఇది మరీ సెక్యులర్‌గా ఉందని కొందరు క్రైస్తవులు, మరీ బైబిల్‌గా ఉందని కొందరు సెక్యులర్ హోంస్కూలర్లు ఒకే పుస్తకం మీద ఫిర్యాదు చేస్తారు. చాలా క్రైస్తవ కుటుంబాలు దీన్నే స్పైన్‌గా పెట్టుకుని పక్కన బైబిల్ చదువుకుంటాయి.

తేదీల దగ్గర చిక్కు ముదురుతుంది. ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో బైబిల్ వంశావళుల్ని కూడి సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని లెక్కకట్టాడు. ఆ లెక్కలో జలప్రళయం క్రీ.పూ. 2348. ఈజిప్టు చరిత్రకారులు గిజాలోని మహా పిరమిడ్‌కి ఇచ్చే కాలం సుమారు క్రీ.పూ. 2560. రెంటినీ ఒకే గోడ మీద ఒకే టైమ్‌లైన్‌లో అంటిస్తే పిరమిడ్ ప్రళయానికి రెండొందల ఏళ్ళు ముందు పడుతుంది. తొమ్మిదేళ్ళవాడు దీన్ని పట్టుకోకుండా ఉండడు.

భూమి వయసు కొన్ని వేల ఏళ్ళే అని నమ్మే రచయితలు ఇక్కడ ఈజిప్టు లెక్కనే తగ్గిస్తారు. కొన్ని రాజవంశాలు ఒకదాని తర్వాత ఒకటి కాదు, ఒకే కాలంలో పక్కపక్కన ఏలాయని వాళ్ళ వాదన. బైబిల్‌ని అంతే గౌరవించే ఇంకో వర్గం క్రైస్తవ పండితులు, ఆదికాండంలోని వంశావళులు మధ్యమధ్య తరాలు వదిలేసి రాసినవని, వాటిని క్యాలెండర్‌లా వాడకూడదని అంటారు. సెక్యులర్ చరిత్రకారులైతే మొత్తం భూమిని ముంచిన ప్రళయానికి ఆధారం లేదంటారు.

నిర్గమం, అంటే ఇశ్రాయేలీయులు ఈజిప్టు వదిలి బయటపడటం, దాని తేదీ మీద తగువు మరీ ఆసక్తికరం, ఎందుకంటే అక్కడ రెండు పక్షాలూ బైబిల్ వచనాల మీదే నిలబడతాయి. సొలొమోను ఏలుబడి నాలుగో ఏట మందిరం కట్టడం మొదలైందని, అది నిర్గమం తర్వాత 480వ సంవత్సరమని మొదటి రాజులు 6:1 చెబుతుంది. ఆ లెక్కన నిర్గమం క్రీ.పూ. 1446. కానీ నిర్గమకాండం 1:11లో ఇశ్రాయేలీయులు కట్టిన పట్టణాల్లో రామసేసు పేరుంది, అది రెండో రామసేసు కాలాన్ని, అంటే క్రీ.పూ. 13వ శతాబ్దాన్ని సూచిస్తుందని రెండో పక్షం. కరికులం ఏదో ఒక తేదీ వేయక తప్పదు. రెండో అభిప్రాయం కూడా ఉందని గైడ్‌లో ఒక్క ముక్కైనా చెబుతుందా లేదా అన్నదాన్ని బట్టి ఆ పుస్తకం మిగతా వివాదాల్ని ఎలా పట్టుకుంటుందో చాలావరకు ఊహించొచ్చు.

ఎందుకు జరిగింది: ఒంగోలు 1878

మూడో విషయం, కారణాలు. ఇది తేదీల్లాగా పైకి కనబడదు, వాక్యాల్లో కలిసిపోయి ఉంటుంది. అమెరికన్ పుస్తకాల్లో సాధారణంగా దొరకని మన ఉదాహరణే తీసుకుంటే తేట పడుతుంది.

అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగు మిషన్ మొదలుపెట్టారు, 1840లో నెల్లూరు చేరారు. ఏళ్ళ తరబడి ఫలితం అంతంతమాత్రం. మూసేద్దామా అని 1853లో చర్చ జరిగినప్పుడు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ దాన్ని ‘లోన్ స్టార్’ అంటూ ఒక కవిత రాశాడు. అమెరికన్ పిల్లలు పాడే ‘మై కంట్రీ టిస్ ఆఫ్ దీ’ దేశభక్తి గీతం రాసింది కూడా ఈయనే. టెక్సస్‌లో పెరిగే పిల్లలకి లోన్ స్టార్ అంటే తమ రాష్ట్రమే గుర్తొస్తుంది, కానీ ఈ ఒంటరి నక్షత్రం నెల్లూరుది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. 1876–78 కరవులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇది ఎందుకు జరిగింది? దైవసంకల్ప దృష్టితో రాసే పుస్తకం, మూసేద్దామనుకున్న మిషన్‌ని దేవుడు నిలబెట్టి పంట కోయించాడని చెబుతుంది. సామాజిక దృష్టితో రాసే చరిత్రకారులు అంటరానితనాన్ని, కరవుని, మాదిగల ఆత్మగౌరవాన్ని ముందు పెడతారు. క్లౌ రాకముందే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి ఊరూరా తిరుగుతూ ఆధ్యాత్మిక అన్వేషణలో ఉన్నాడని, 1866లో బాప్తిస్మం పొంది తనవాళ్ళలో ఈ కదలికని నడిపింది అతనేనని గుర్తుచేస్తారు. మూడో రకం రచయితలు క్రైస్తవులే, కానీ దేవుడి చేయి ఎక్కడ పడిందో చరిత్రకారుడు చూపించలేడని, మనుషుల కారణాల్ని నిజాయితీగా వెతకడమే తన పని అని అంటారు. దైవసంకల్పాన్ని నమ్మే ఇల్లు కూడా పేరయ్యని వదిలేసిన పాఠాన్ని ఒప్పుకోనక్కర్లేదు. నా మట్టుకు ఇక్కడ అసలు పరీక్ష దేవుడి పేరు ఉందా లేదా అన్నది కాదు, మనుషులు మాయమయ్యారా అన్నది.

అమెరికా పుట్టుక విషయంలో ఇదే తగువు ఇంకా వేడిగా నడుస్తుంది. పీటర్ మార్షల్, డేవిడ్ మాన్యుయెల్ 1977లో రాసిన పుస్తకం అమెరికా పట్ల దేవుడికి ప్రత్యేక ప్రణాళిక ఉందని వాదించింది, హోంస్కూల్ ఇళ్ళలో బాగా చెల్లింది. దానికి గట్టి జవాబు బయటివాళ్ళ నుంచి కాదు, ఇవాంజెలికల్ చరిత్రకారుల నుంచే వచ్చింది. మార్క్ నోల్, నేథన్ హ్యాచ్, జార్జ్ మార్స్‌డెన్ 1983లో ఆ ‘క్రైస్తవ అమెరికా’ భావన చరిత్రకి నిలవదని రాశారు. కాబట్టి ఒక కరికులం రెండో పక్షాన ఉంటే అది క్రైస్తవం తగ్గిందన్నట్టు కాదు.

క్యాథలిక్ ఇళ్ళకి ఇంకో జాగ్రత్త అవసరమవుతుంది. పైన చెప్పిన కరికులాల్లో చాలావరకు ప్రొటెస్టెంట్లవి. 1517లో క్యాథలిక్ చర్చిని ఎదిరించిన లూథర్ దగ్గరికి వచ్చేసరికి కథానాయకుడు ఎవరో, ప్రతినాయకుడు ఎవరో ముందే తేలిపోయి ఉంటుంది, దానికి క్యాథలిక్ చర్చి జవాబైన ట్రెంట్ మహాసభ (1545–63) ఒక పేరాలో ముగుస్తుంది. వర్జీనియాలోని సీటన్ లాంటి క్యాథలిక్ సంస్థల పుస్తకాల్లో అదే శతాబ్దం వేరేగా కనబడుతుంది. అమ్మది ఫిరంగిపురం క్యాథలిక్ కుటుంబం, నాన్నది ప్రొటెస్టెంట్ల సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం అయిన ఇంట్లో రెండూ పక్కపక్కన పెట్టుకుంటే పన్నెండేళ్ళ అమ్మాయికి అంతకన్న మంచి పాఠం దొరకదు.

చట్టం ఎంత అడుగుతుంది, కాలేజీ ఎంత అడుగుతుంది

చట్టం రాష్ట్రానికో రకం. టెక్సస్ చట్టం చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం అడుగుతుంది, చరిత్ర పేరెత్తదు. న్యూజెర్సీలో ముందుగా ఎవరికీ చెప్పాల్సిన పని కూడా లేదు. పెన్సిల్వేనియా మాత్రం అమెరికా చరిత్రతో పాటు ఆ రాష్ట్ర చరిత్రా ఉండాలంటుంది, ఏడాది చివర పోర్ట్‌ఫోలియో (పిల్లలు చేసిన పనుల దస్త్రం) చూపించాలి. న్యూయార్క్‌లో ఏడాది ప్రణాళిక, మూడు నెలలకోసారి రిపోర్టు. నాలుగేళ్ళ ప్రపంచ చరిత్ర చక్రంలో పెన్సిల్వేనియా చరిత్ర తనంతట తాను రాదు, విడిగా ఇరికించుకోవాల్సిందే.

ఎనిమిదో తరగతి దాకా ఈ ఎంపికల్లో పొరపాటు జరిగినా సర్దుకోవచ్చు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా చదివింది ట్రాన్‌స్క్రిప్ట్‌లోకి, అంటే కాలేజీకి చూపించే కోర్సులూ మార్కుల పట్టికలోకి, ఎక్కుతుంది. క్రైస్తవ పాఠశాలల అంతర్జాతీయ సంఘం, కాలిఫోర్నియాలోని ఒక క్రైస్తవ బడి కలిసి 2005లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా మీద కేసు వేశాయి. ఆ బడి పంపిన కొన్ని కోర్సుల్ని విశ్వవిద్యాలయం ప్రవేశాలకి లెక్కలోకి తీసుకోలేదు. వాటిలో అమెరికా చరిత్ర మీద క్రైస్తవ ప్రభావం గురించిన కోర్సు ఒకటి. దానికి పాఠ్యపుస్తకం బాబ్ జోన్స్ ప్రెస్‌ది. చారిత్రక సంఘటనల్ని మనుషుల చర్యలతో విశ్లేషించకుండా దైవసంకల్పానికి ఆపాదించడం, క్రైస్తవేతరులకి తగినంత చోటివ్వకపోవడం విశ్వవిద్యాలయం తరఫు నిపుణుడు ఎత్తిచూపిన లోపాల్లో ఉన్నాయి. ఇది మత వివక్ష అని బడి వాదించింది. 2008లో జిల్లా కోర్టు, 2010లో అప్పీల్ కోర్టు విశ్వవిద్యాలయం పక్షానే తీర్పిచ్చాయి.

ఈ తీర్పుతో క్రైస్తవ పుస్తకాలు చెల్లకుండా పోయాయని కొందరు ప్రచారం చేశారు. అది నిజం కాదు. కేసు కొన్ని నిర్దిష్ట కోర్సుల గురించి, ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం ప్రవేశ నిబంధనల గురించి. హోంస్కూల్ పిల్లల్ని కాలేజీలు వేరే దారుల్లో కూడా చూస్తాయి: ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు, కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్న కోర్సులు, ఎస్ఏటీ అనే ప్రవేశ పరీక్ష. కొన్ని కాలేజీలు కోర్సు వివరణ అడుగుతాయి. అందులో ఒక్క స్పైన్ పేరే ఉండటం ఒక రకం, దాని పక్కన మూల పత్రాలు, వేరే దృష్టితో రాసిన చరిత్ర ఒకటి, పిల్ల రాసిన వ్యాసాలు ఉండటం ఇంకో రకం.

మన ఊహా కుటుంబంలో పెద్దమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చేది 2028లో, ఇల్లంతా చక్రంలో మూడో ఏడాది నడుస్తున్నప్పుడు. తమ్ముడికీ చెల్లికీ చదివి వినిపించే పుస్తకం ఆమెకి హైస్కూల్ క్రెడిట్‌గా సరిపోదు. అదే కాలం మీద ఆమెకి వేరే పుస్తకాలు, వేరే రాత పని కావాలి. అవి ఆ పెట్టెలో ఉన్నాయా, విడిగా కొనాలా అన్నది ఈ ఏడాది ఆర్డర్ పెట్టేటప్పుడే గైడ్ చివరి పేజీల్లో తెలిసిపోతుంది.